చెయ్యి లేని పిడక

మొన్న ఆదోనిలో మా వాడి కొత్తింటి గృహప్రవేశానికి పురోహితుడు రాసిచ్చిన చీటీలో దర్భలు, సమిధలు, నెయ్యి తర్వాత 'ఆవు పిడకలు, పదకొండు' అని ఉంది. పిడకలకు కూడా చీటీ రాయించుకునే రోజులు వచ్చాయన్నమాట అని నవ్వుకున్నాను. మా కోడలు సెల్‌ఫోన్ మీద రెండుసార్లు వేలు రుద్దింది, మూడో రోజుకు పిడకలు గుమ్మంలో దిగాయి. అట్టపెట్టె, దానిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పల్చటి కాగితం, ఆ కాగితం విప్పితే అప్పడాల్లా ఒకే కొలతలో పదకొండు పిడకలు. నేను పుట్టినప్పుడు నన్ను కూడా ఇంత జాగ్రత్తగా చుట్టి ఉండరు.

గృహప్రవేశం నాడు మా మామ పొద్దున బస్సుకే ఊరి నుంచి వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఎడమ కన్ను పాలు విరిగినట్టు తెల్లగా ఉంటుంది, కుడి కన్నుతోనే లోకమంతా చూసి వెక్కిరిస్తాడు. ఒక పిడక చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, మంచి కన్ను దగ్గరికి పెట్టుకున్నాడు.

"ఏమ్మే, ఎవురు కొట్టింది ఇది?"

"మిషను మామా."

"అదే సూస్తాండా. సెయ్యే ల్యాదు దీనికి."

అక్కడున్న పిల్లలందరూ నవ్వారు. పిడకకు చెయ్యేమిటి, కాలేమిటి అని. నేను మాత్రం నవ్వలేకపోయాను. మాటకు మాట అందించకుండా ఉండడం నాకు అలవాటు లేదు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ బండి పెట్టుకుని ఇన్నేళ్లు బతికానంటే సగం మిరపకాయల ఘాటుతో, సగం నోటి ఘాటుతోనే. అయినా ఆ పూట నా నోరు పడిపోయింది.

మా చిన్నప్పుడు మా ఊళ్లో చెయ్యి లేని పిడక ఉండేది కాదు. పేడలో సెనక్కాయల పొట్టు కలిపి, ముద్ద చేసి, గోడకు టప్పుమని కొట్టి చెయ్యి తీస్తే అయిదు వేళ్లూ అచ్చు పడేవి. అది సంతకం. మా ఊరి ఆడవాళ్లలో పేరు రాయడం వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో, సంతకం మాత్రం అందరికీ ఉండేది. మా అమ్మ చిటికెన వేలు వంకర. ఎప్పుడో మా నాయన విరిచాడు. ఆ వంకర ప్రతి పిడక మీదా పడేది. మా అవ్వది, అంటే మా అమ్మను కన్నతల్లిది, మంచి వెడల్పు చెయ్యి, బొటనవేలు ఎడంగా పారిపోతున్నట్టు ఉండేది. ఎవరి వామిలోంచైనా పిడకలు పోతే గొడవే లేదు, అనుమానం ఉన్నామెను పిలిచి పిడక మీద చెయ్యి పెట్టించేవాళ్లు. సరిపోయిందా, అదే చేతితో ఆమె చెంప మీద కూడా అచ్చు వేసి పంపేవాళ్లు.

మా ఊరు ఆదోని వైపు పల్లె. పేరెందుకులెండి, ఇప్పటికీ అక్కడ నా మీద కోపమున్నవాళ్లు ఉన్నారు. ఉగాది వస్తోందంటే మిగతా ఊళ్లలో ఇళ్లకు సున్నం కొడతారు, మా ఊళ్లో గోడలన్నీ పిడకలతో నిండిపోయేవి. ఉగాది నాడు ఓళిగలు, మర్నాడు దెబ్బలు. ఇదీ మా పండగ.

ఆ కథ మా అవ్వ చెప్పేది. గుళ్లో స్వామికీ, ఎదురు గుళ్లో అమ్మవారికీ మనసు కలిసిందట. "స్వామి సూడనీకి బాగుంటాడు మే. పెండ్లి మాటెత్తితే మాత్రం రేపు, మాపు అంటాడు. మొగోడు కదా!" అనేది అవ్వ. దాంతో అమ్మవారి తరపువాళ్లకు కోపం వచ్చి, స్వామి ఆ దారిన వస్తే పేడముద్దలతో కొట్టాలని కాచుకున్నారట. స్వామి తరపువాళ్లు మాత్రం ఊరుకుంటారా? ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు కొట్టుకుని, పేడంతా అయిపోయాక, పెద్దలు కూర్చుని పెళ్లి కుదిర్చారట. దానికి గుర్తుగా ఏటా ఉగాది మర్నాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకోవాలి, ఆ మర్నాడు ఇద్దరికీ కల్యాణం చేసి ఒకే పంక్తిలో భోంచెయ్యాలి. తగిలిన దెబ్బకు గుళ్లో విభూతి పెట్టుకోవాలి, అంతే. దాని మీద కోపం ఉంచుకోకూడదు.

మా నాయన ఇల్లు స్వామి వైపు. మా అమ్మ పుట్టిల్లు అమ్మవారి వైపు. రెంటికీ మధ్య ఎద్దులబండి పట్టేంత సందు. మా గోడా, మా అవ్వ గోడా ఎదురెదురు. మా అమ్మ ఇక్కడ టప్పుమని కొడితే, మా అవ్వ అక్కడ టప్పుమని బదులు చెప్పేది. ఉగాది ముందు నెల రోజులూ తల్లీ కూతుళ్లు అలా పొద్దుటి పూట మాట్లాడుకునేవాళ్లు.

ఇక మా మామ సంగతి. అప్పటికి ఇరవయ్యేళ్లు ఉంటాయేమో. కంకి మీద వాలిన పిచ్చుకను మట్టిగడ్డతో కొట్టి పడేసేవాడు. మా నాయన చెయ్యి అలాంటిది కాదు. ఆదోని మార్కెట్లో పత్తి మూటలు మోసే హమాలీ, ఎంత బరువైనా ఎత్తుతాడు, గురి మాత్రం సున్నా. పిడక విసిరితే స్వామి మెడ మీద పడుతుందా, పక్కింటి గేదె మీద పడుతుందా అని ఊరంతా నవ్వుకునేది. దాంతో మామకు ఏటా ఒకే లక్ష్యం, మా నాయన. వందమంది ఉన్నా వెతికి పట్టుకుని కొట్టేవాడు.

"బావా! ఈడ ఈడ! సూపు ఇట్ల పెట్టు బావా!" అని పిలిచి మరీ కొట్టేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఏం జరిగిందంటే, మా నాయన ఏదో అరవడానికి నోరు తెరిచాడు. మామ పిడక సరిగ్గా ఆ నోట్లోనే పగిలింది. ముందుపన్ను ఒకటి ఊడింది. ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఇప్పుడు చెబితే మీకూ నవ్వొస్తుంది, నాకూ ఆ రోజు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకానే.

మా నాయన సారా తాగి ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టాడు. మూలనున్న బారుకోల తీశాడు. ఎద్దులు పోయి రెండేళ్లయినా ఎద్దులను తోలే కోల మాత్రం మా ఇంట్లో ఉండేది.

"మీ తమ్ముడు ఏసినాడు కదే. తిను. నువ్వూ తిను."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అరిస్తే ఎదురింట్లో తల్లికి వినబడుతుందని. ఆ కోల వీపు మీద పడే చప్పుడుకు నేను జొన్నల గాదె వెనక దూరి చెవులు మూసుకున్నాను. మూసుకున్నా లెక్క తెలిసేది. ఏటా అంతే. మామ వేసిన పిడక మా నాయనకు తగిలి, మా అమ్మ వీపు మీద పగిలేది. మర్నాడు ఆమె పసుపు పూసుకుని, నిండు చేతుల రవిక తొడుక్కుని, కొత్తచీర కట్టుకుని కల్యాణానికి పోయేది. అవ్వ పక్కన కూర్చుని నవ్వుతూ ఓళిగ మీద నెయ్యి వేయించుకునేది.

"ఏమ్మే, వంగలేకున్నావు?" అని అవ్వ అడిగితే, "ప్యాడ గంప మోసి మోసి పట్టేసిందిమా" అనేది.

మా ఊళ్లో దెబ్బలు తెలియని ఒళ్లు లేదనుకోండి. బళ్లో అయ్యవారు కొట్టేవాడు, దారిలో పెద్దపిల్లలు కొట్టేవాళ్లు, ఇంటికొచ్చి చెబితే ఏం చేసి తిన్నావని అమ్మ ఇంకొకటి వేసేది. నేనూ తక్కువదాన్ని కాదు. మా అయ్యవారి మొహంలా ముక్కూ చెవులూ పెట్టి పిడక కొట్టి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టి, "అమ్మా, అయ్యవారు బాగా మండుతాండాడు, రొట్టె ఎయ్యి" అనేదాన్ని. అది ఎవరో ఆయన చెవిన వేస్తే చింతబరికె రెండు ముక్కలయ్యేదాకా బాదాడు. ఆ దెబ్బలన్నీ నాకు దులుపుకుంటే పోయేవే. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం మాత్రం పోయేది కాదు.

ఆ మరుసటి ఏడాది ఉగాదికి నెల ముందు నాకు పదేళ్ల బుర్రలో ఒక లెక్క తట్టింది. మా నాయన ఒక్కసారి గెలిస్తే చాలు. మామ ఒక్కసారి కింద పడితే చాలు. నాయన మీసం తిప్పుకుంటూ ఇంటికొస్తాడు, కోల మూలనే ఉంటుంది. మా నాయన గురిని నేను బాగుచెయ్యలేను కదా, పిడకనన్నా బాగుచేద్దామనుకున్నాను.

నా దగ్గర గచ్చకాయలాట ఆడే రాళ్లు అయిదుండేవి. ఆదోనికి నాయనతో పోయినప్పుడు రైలుకట్ట మీద ఏరుకొచ్చిన కంకరరాళ్లు, ఆడీ ఆడీ నునుపు తేలాయి. వాటిలో ఒకదానికి నడుమ తెల్లటి చార. అది నా చెయ్యి మీద ఎప్పుడూ నిలిచే రాయి, జారేది కాదు. దాన్నే తీశాను. యుద్ధం పిడకలో పొట్టు ఎక్కువ, పేడ తక్కువ వేస్తారు, తగలగానే పొడిపొడి అవ్వాలని. నేను ఆ ముద్ద నడుమ రాయి పెట్టి, మూసి, కోళ్లగూడు పక్కన, నా చెయ్యి అందే ఎత్తులో గోడకు కొట్టాను. చెయ్యి తీశాను. నా అయిదు వేళ్లూ చక్కగా పడ్డాయి.

రోజూ వెళ్లి ఆరిందా అని చూసేదాన్ని. మా అమ్మ ఒకరోజు గంప దించుతూ అంది.

"ఏందిమే, ఆ పిడకను పొదగేస్తాండావా? పిల్ల పొడుస్తాదా?"

"పొడుస్తాదిలేమా" అన్నాను.

ఉగాది వచ్చింది. వేపపువ్వు, బెల్లం, పుట్నాలు కలిపి అరచేతిలో పెట్టారు. నేను వేపపువ్వు ఏరి కోడికి వేసి మిగతాది తిన్నాను. పూర్ణానికి బేళ్లు ఉడికిన వాసన, ఓళిగ పెనం మీద నెయ్యి కాలే వాసన, గోడల మీంచి పిడకలు ఊడదీస్తుంటే లేచే దుమ్ము వాసన, అన్నీ కలిసిపోయి ఊరంతా ఒకటే వాసన. మా అమ్మ ఓళిగలు కాలుస్తూ మాటిమాటికీ మూలనున్న కోల వైపు చూసేది. నేనూ చూసేదాన్ని. అది మా ఇంట్లో ఇంకో మనిషిలా నిలబడి ఉండేది.

మర్నాడు సాయంత్రం ఆనవాయితీ ప్రకారం పెద్దింటాయన గుర్రమెక్కి వచ్చి, గుళ్లో పూజ చేసి, మళ్లీ గుర్రమెక్కాడు. ఆ గుర్రం తోక మలుపు తిరిగిందంటే మొదటి పిడక లేవాలి. రెండు వైపులా మగవాళ్లు మొహాలకు తడితువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డారు. వెనక గంపలతో ఆడవాళ్లు, పిల్లలం. మా నాయనకు గంప నేనే. తోక మలుపు తిరిగింది.

ఏం చెప్పమంటారు! ఆకాశం గోధుమరంగుకు తిరిగింది. వందల పిడకలు ఒక్కసారి లేస్తే పక్షులు లేచినట్టే ఉంటుంది, దిగేటప్పుడే తేడా తెలుస్తుంది. మొహం మీద ఒకటి, మెడ మీద ఒకటి, ముక్కు పగిలినవాడు, కన్ను వాచినవాడు, కిందపడినవాణ్ణి తొక్కుకుంటూ ముందుకు ఉరికేవాళ్లు. "కొట్రా! ఆడాడు సూడు, కొట్రా!" అన్న కేకలు తప్ప మాటలు లేవు. నోరు తెరిస్తే పేడదుమ్ము. మా పక్కింటి పెద్దాయన చెవి తెగి రక్తం కారుతుంటే ఒక చేత్తో చెవి పట్టుకుని ఇంకో చేత్తో విసురుతున్నాడు. ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను ఆయన కొడుకు పెళ్లిలో కూడా చూడలేదు.

మా నాయనకు అప్పటికే రెండు తగిలాయి, ఒకటి భుజం మీద, ఒకటి చెవి మీద. దుమ్ములోంచి మామ గొంతు వినబడింది.

"బావా! నోరు తెరువు బావా! ఈ యేడు ఆకలి కాలేదా?"

మా వైపువాళ్లు కూడా నవ్వారు. నాయన మొహం నల్లబడింది. ఆ నలుపు నాకు తెలుసు, ఇంటికొచ్చి గడియ పెట్టే ముందు ఉండే నలుపు. గంప అడుగు నుంచి నా పిడక తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఏమ్మే, ఇంత బరువుంది?"

"పచ్చిది నాయనా. ఎయ్యి. ముందుకు పోయి ఎయ్యి!"

నాయన నాలుగు అడుగులు ఉరికి, మూట ఎత్తే బలమంతా పెట్టి విసిరాడు. జన్మలో మొదటిసారి గురి కుదిరింది. పిడక తగిలితే పుస్సుమంటుంది. ఇది టక్కుమంది.

మామ కూర్చున్నట్టుగా కింద పడ్డాడు. రెండు చేతులతో మొహం పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారింది. నా మనసులో ఏముందో నిజం చెప్పాలి కదా, సంతోషమే ఉంది. పడ్డాడు, మామ పడ్డాడు, కోల మూలనే ఉంటుంది అని ఎగిరి గంతు వేశాను. అప్పుడు ఎవరో పేడపొడిలోంచి దాన్ని ఎత్తి చూపించారు.

"రాయి! రాయి పెట్టినార్రా నా కొడుకులు!"

అంతవరకు జరిగింది పండగ. ఆ తర్వాత జరిగింది పండగ కాదు. అటువైపు నుంచి కట్టెలు వచ్చాయి. ఇటువైపు నుంచి పారల కర్రలు లేచాయి. నిమిషం కింద వరసలు పెట్టి పిలుచుకున్నవాళ్లే ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నారు. మా వైపువాడొకడు చెయ్యి విరిగి, వేలాడుతున్న చెయ్యిని చూసుకుని పిచ్చివాడిలా నవ్వాడు. నలుగురు కలిసి మా నాయనను జుట్టు పట్టి సందులోకి ఈడ్చారు. పొట్టలో తన్నారు, మొహం మీద తొక్కారు. ఆయన తల పగిలిన చప్పుడు కూడా నాకు వినబడింది. మా అమ్మ గంప పడేసి ఉరికింది. ఎవరి మోచెయ్యో తగిలి ఆమె పెదవి చీలింది. నేను ఎవరి కాలునో కొరికాను. ఇప్పటికీ అది ఎవరి కాలో తెలియదు, ఎదురుపడితే క్షమించమని అడుగుతాను.

ఆపింది పూజారి. స్వామి పల్లకిని మోయించుకొచ్చి ఆ తొక్కిసలాట నడుమ దించేశాడు.

"కొట్టండి రా! స్వామి మీద నుంచి కొట్టండి సూస్తా!"

కట్టెలు ఆగిపోయాయి. మూలుగులు మిగిలాయి. మామను గుడిగోడకు ఆనించి కూర్చోబెట్టారు, కంటి మీద పసుపు కుక్కిన గుడ్డ. ఆదోని ఆసుపత్రికి బండి కడుతున్నారు. మా అవ్వ అతని పక్కన కూర్చుని గుండెలు బాదుకుంటోంది.

ఊరిపెద్ద ఆ రాయిని పల్లకి ముందు పెట్టి మా నాయన వైపు చూశాడు.

"నీ సేతిలోంచి వచ్చింది. నువ్వు పెట్టినావా, ఇంకెవురన్నా పెట్టి ఇచ్చిండ్రా? స్వామి ముందర సెప్పు."

మా నాయన నుదుటి మీంచి రక్తం తుడుచుకుంటూ, "ఉరుకుంద ఈరన్న మీద ఒట్టు, నాకు తెలిదప్పా. నాకు పిడక ఇచ్చింది..." అని ఆగిపోయాడు. ఆ బరువు గుర్తొచ్చినట్టుంది. మెల్లిగా తల తిప్పి నా వైపు చూశాడు. నేను ఖాళీగంప పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు ఆయన వెనక మామ తరపువాళ్లు కట్టెలు పట్టుకుని ఎంతమంది ఉన్నారో చూశాను. కాళ్ల మధ్య వెచ్చగా తడిసింది.

మా అమ్మ కళ్లు ఆ రాయి మీద ఉన్నాయి. నడుమ తెల్లచార. నేను రోజూ అరుగు మీద ఎగరేసి పట్టే రాయి ఆమెకు తెలియదా? ఒక్క అడుగు పక్కకు వేసి మా నాయన చూపుకూ నాకూ నడుమ నిలబడింది.

"నేను పెట్టినా" అంది.

ఎవరూ మాట్లాడకముందే మా అవ్వ లేచొచ్చి మా అమ్మను చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పేడలో పండిన చెయ్యి అది.

"పాపిష్టిదానా! ఒక కడుపున పుట్టినోని కన్ను తీస్తివి కదే! ఎందుకే?"

మా అమ్మ మూడో దెబ్బకు అవ్వ చెయ్యి పట్టుకుంది. తర్వాత చేసిన పని మా ఊళ్లో ఏ ఆడదీ చేసి ఉండదు. పల్లకి ముందు అందరికీ వీపు తిప్పి, కొంగు తీసి, రవికను భుజాల మీంచి కిందికి లాగింది.

"ఎందుకో సూడుమా. ఇదిగో ఇది పోయినేడు, వాడు నోట్లో కొట్టిన దానికి. ఈ పక్కది అంతకుముందు యేడు, వాడు ముక్కు మీద కొట్టిన దానికి. ఇంకా కిందివి నువ్వే లెక్కపెట్టుకో. మీరు ఆడ నవ్వుతారు, నేను ఈడ తింటాను. సందుకు ఆపక్కనే ఉండావు కదమ్మా, ఒక్కనాడన్నా ఇనబడలేదా?"

బారుకోల చారలు. కొన్ని తెల్లబడ్డవి, కొన్ని ఇంకా నల్లగా ఉన్నవి.  మా నాయన నేల చూశాడు. మా అవ్వ చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే గాల్లో నిలిచిపోయింది.

గోడ దగ్గర నుంచి మామ గొంతు వచ్చింది. "బండి కట్టండప్పా. పోదాం పాండి." మిగిలిన కన్నుతో మా అమ్మను చూశాడు, ఆమె పక్కనుంచి నన్ను చూశాడు. 

పెద్దలు తీర్పు చెప్పారు. రాయి పెట్టినందుకు మా అమ్మ మూడేళ్లు కల్యాణం పంక్తిలో కూర్చోకూడదు, పుట్టింటి గడప తొక్కకూడదు. వీపు మీది చారల గురించి మాత్రం తీర్పేమీ లేదు. అది ఇంటి సంగతట. రాయి ఊరి సంగతి, వీపు ఇంటి సంగతి! ఇంత తెలివి ఉన్న ఊళ్లో నేను చదువుకుని ఏం చెయ్యాలి చెప్పండి.

బడి కూడా ఆ తర్వాతే మానేశాను. అయ్యవారు ఒకరోజు, "అయిదు రాళ్లుండాయి, ఒకటి పోతే ఎన్ని మిగులుతాయి?" అని అడిగాడు. మామూలు లెక్కే. నేను లేచి పలక అక్కడే పెట్టి ఇంటికొచ్చేశాను. పొలం పనికి రమ్మని ఆడవాళ్లెవరూ మా అమ్మను పిలవడం లేదు, కూలికి నేనన్నా పోవాల్సిందే, అది అసలు కారణం. అడిగినవాళ్లకు మాత్రం లెక్క రాలేదనే చెబుతాను.

దెబ్బలు ఆగిపోయాయని చెబితే కథ బాగుంటుంది. ఆగలేదు, తగ్గాయి. తనకు తెలియకుండా పిడకలో రాయి పెట్టిందని ఊరంతా నమ్మిన ఆడమనిషితో కాపురం చేస్తున్నాడు కదా మా నాయన. పెట్టింది ఎవరో తెలిసి కూడా, చెయ్యి ఎత్తేముందు ఆమె చేతుల వైపు ఒకసారి చూసేవాడు. రొట్టెలో ఏముందోనని విరిచి చూసుకుని తినేవాడు. నిజం తెలిసినవాళ్లం ఇంట్లో ముగ్గురం, ఒక్కరం కూడా ఆ మాట ఎత్తలేదు. కోలను మా అమ్మే ఒకరోజు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టి ఓళిగలు కాల్చింది. నాయన తిన్నాడు.

ఆ మూడేళ్లూ ఉగాదికి ముందు మా అమ్మ ఈ గోడకు టప్పుమని కొట్టేది. సందుకు ఆ పక్క నుంచి చాలాసేపు ఏ చప్పుడూ వచ్చేది కాదు. మొదటి ఏడాది అసలు రాలేదు. రెండో ఏడాది, ఈమె కొట్టి ఆపిన చాలాసేపటికి, ఒక్కటంటే ఒక్క టప్ వినబడింది. మా అమ్మ పేడచేతుల్తోనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా పూసుకుపోయింది, నేను నవ్వితే నన్నూ పూసింది.

మామకు ఆ కన్ను మళ్లీ రాలేదు. మరుసటి ఏడాది నుంచి యుద్ధంలో నిలబడేవాడు, మా నాయన ఎదురుగానే, కానీ పిడక పట్టేవాడు కాదు. చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ ఏడాదే మా నాయన ఒకటి విసిరి, అది ఎక్కడో పడి, తల వంచుకుని ఇంటికొచ్చేశాడు. తర్వాత ఇక పోలేదు.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. నాయన పోయాడు, అవ్వ పోయింది, అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ మాట ఆమె చివరిదాకా తన మీదే పెట్టుకుని పోయింది. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాననుకున్నాను.

గృహప్రవేశం నాడు పురోహితుడు లోపల హోమం మొదలుపెట్టాడు. కోడలు వచ్చి పిడకలన్నీ తీసుకుపోయింది, మామ చేతిలో ఉన్నది తప్ప. వాకిట్లో మేమిద్దరమే మిగిలాం. మామ ఆ పిడకను ఇంకా తిప్పి చూస్తూనే ఉన్నాడు.

"మిషనుతో ఇదే కష్టం మే. ఎవురు కొట్టిండ్రో తెలిదు. వచ్చి మొగానికి తగిలినా తిట్టనీకి మనిషుండడు."

నేను అట్టపెట్టెలో మిగిలిన కాగితాన్ని మడత పెట్టసాగాను.

"ఆ పొద్దు నేను వంగింటే తప్పుతాండె, తెల్సా?"

"ఏ పొద్దు మామా?" అన్నాను. ఏ పొద్దో నాకు తెలుసు.

"మీ నాయన యేసినాడే, ఆ పొద్దు. నాకు అన్నీ కనపడేవి కదా, పిడక ఎగిరొస్తాంటే ఎవురి సెయ్యో కూడా సెప్తాంటి. అది తిరుగుతా వచ్చె. తిరిగినప్పుడంతా ఒక సెయ్యి కనపడె. ఇంతే సెయ్యి." బొటనవేలితో చూపుడువేలి మీద కొలత పెట్టి చూపించాడు. "సిన్న సెయ్యి. దేవుడు ఆశీర్వాదం ఇస్తాండే మాదిరి అయిదు వేళ్లూ ఇప్పుకోని వచ్చె. బావకు పిడకలు అయిపోయి బిడ్డవి యేస్తాండాడే అని నవ్వొచ్చె నాకు. నవ్వుతా నిలబడితి."

లోపల మంత్రాలు గట్టిగా వినబడుతున్నాయి. పిడక పొగ బయటికి వచ్చింది. వాసన మాత్రం అదే వాసన.

"మరి ఎందుకు సెప్పలేదు మామా?"

"మా యక్క సెప్పె కదా నేను పెట్టినా అని. ఆయమ్మ మాట కాదనేదానికి నేనెవురు?" తెల్లకన్ను పైపంచెతో తుడుచుకున్నాడు. దానికి ఎప్పుడూ నీరు కారుతుంది. "వాళ్లు ఈ కంటికి ఏమేమో మందులేసిరి. దానికి మాత్రం కడాసారి కనపడింది అదే మే. నీ సెయ్యి."

నేను మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. 

"సర్లే, ఏడవద్దు. బజ్జీలు యాడ? ఇంటికి పిలిసి ఉపాసం పెడతావా ఏంది?"

లేచాను. లేస్తున్నప్పుడు తెలిసింది, నా కుడిచెయ్యి దానంతట అదే కొంగు కిందికి పోయి దాక్కుంది. మామ చూశాడు. ఉన్న ఆ ఒక్క కన్నుతోనే.